విడిపోయే వేళ ఆస్తులూ అప్పులూ



మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ఏ పెళ్ళికి వెళ్ళినా పందిట్లో ఒక నోటుబుక్కు కనిపిస్తుంది. లెక్క తప్పని మనిషి ఒకరు బల్ల వేసుకుని కూర్చుంటారు. ఎవరు ఎంత చదివించారో ఊరి పేరుతో సహా రాస్తారు. మనం చదివింపులంటాం, తమిళం కలిసిన ఇళ్ళలో మొయ్యి అంటారు. పదేళ్ళు గడిచాక కూడా ఆ పుస్తకం బయటికి తీస్తాం. ఫలానావారు మనకు నూటపదహార్లు పెట్టారు కనుక వారింటి పెళ్ళికి అంతకు తక్కువ పెట్టకూడదని చూసుకుంటాం. ఇంత జాగ్రత్త గల మనం పెళ్ళికూతురి మెడలో వేసిన గొలుసు ఎన్ని గ్రాములు, ఎవరు చేయించారు, రసీదు ఎక్కడుంది అన్నది మాత్రం ఎక్కడా రాసుకోము. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ లెక్కలెందుకంటాం.

ఆ రాయని లెక్క ఎక్కడ అడ్డం వస్తుందో నాకు తెలిసింది మా బడి వరండాలోనే. కొన్నేళ్ళ కిందట నా దగ్గర చదివే ఒక పిల్లవాడి తల్లి ఒక స్టాంపు కాగితం పట్టుకుని వచ్చింది. ఆమె తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది, తమిళం మాట్లాడుతుంది గానీ చదవలేదు. కాగితం తమిళంలో ఉంది. "టీచరమ్మా, ఇదేమి రాసిండారో కొంచెం చదివి చెప్పండి" అంది. చదివాను. పెద్దమనుషుల ముందు భార్యాభర్తలు విడిపోవడానికి ఒప్పుకున్నారనీ, ఆమె నగలన్నీ ఆమెకు ముట్టాయనీ, సంఘంలో ఆమె పేరున ఉన్న అప్పు ఆమే కట్టుకోవాలనీ, ఇంటిమీద ఇకముందు ఏ హక్కూ అడగదనీ అందులో ఉంది. నగల్లో సగం అప్పటికి బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. సంఘం అప్పు తెచ్చింది ఇంట్లో బోరు వేయించడానికి. "సంతకం పెట్టినావా అమ్మా?" అని అడిగాను. "మొన్ననే పెట్టేస్తిని టీచరమ్మా. ఇంక ఏమన్నా చేసేకి అయితుందా?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ న్యాయవాదుల దగ్గర, న్యాయసేవా సంఘంలో, పుస్తకాల్లో నేను తెలుసుకున్న సంగతులు ఈ రోజు మీకు చెబుతాను. విడిపోవడం మంచిదా చెడ్డదా అన్నది నేటి విషయం కాదు. విడిపోక తప్పనప్పుడు ఆస్తీ అప్పూ న్యాయంగా ఎలా పంచుకోవాలన్నదే విషయం.

ముందుగా ఒక అపోహ తీర్చుకుందాం. విడాకులైతే ఆస్తిలో సగం భార్యకు వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ భయంతో ఆస్తి తమ్ముడి పేరుకు మార్చే భర్తలున్నారు, ఆ ఆశతో మిగతా హక్కులు అడగని భార్యలూ ఉన్నారు. మన దేశంలో అటువంటి సగం సగం సూత్రం చట్టంలో లేదు. అమెరికాలో కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో పెళ్ళయ్యాక సంపాదించినది ఇద్దరిదీ అని చట్టమే చెబుతుంది. మన దేశంలో గోవాలో మాత్రం పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ వల్ల అటువంటి పద్ధతి ఉంది. మిగతా చోట్ల ఎవరి పేరున ఉన్నది వారిదే అన్న దగ్గర లెక్క మొదలవుతుంది. భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇప్పించేందుకు తెచ్చిన వివాహ చట్టాల సవరణ బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో అది గట్టెక్కలేదు, కాలం చెల్లిపోయింది.

అయితే భార్యకు ఏమీ రాదా? అలా కాదు. చట్టం సగం అని చెప్పకపోయినా చాలా దారులు ఇచ్చింది. ఆ దారులు కనబడాలంటే ఇంట్లో ఉన్నదంతా మూడు కుప్పలుగా వేసుకోవాలి. ఆమెది ఒకటి, అతనిది ఒకటి, ఇద్దరిదీ ఒకటి.

మొదటి కుప్ప ఆమెది. దీనినే స్త్రీధనం అంటారు. పెళ్ళికి ముందు, పెళ్ళిలో, పెళ్ళి తర్వాత పుట్టింటివారు, అత్తింటివారు, బంధుమిత్రులు ఆమెకిచ్చిన నగలు, వెండి, డబ్బు, సారె సామాన్లు ఇందులోకి వస్తాయి. ఆమె జీతం, ఆమె కుట్టుమిషను మీద సంపాదించి కూడబెట్టినది కూడా ఆమెదే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం హిందూ స్త్రీకి సంక్రమించిన ఆస్తిమీద ఆమెకు సంపూర్ణ హక్కు ఉంటుంది. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు మరో మాట స్పష్టం చేసింది. అత్తవారింట్లో అడుగుపెట్టినంత మాత్రాన ఆమె నగలు ఉమ్మడి సొత్తు అయిపోవు. బీరువా తాళం అత్తగారి కొంగున ఉన్నా ఆ నగలు ఆమె తరఫున దాచిపెట్టినవే. అడిగితే తిరిగి ఇవ్వాలి, ఇవ్వకపోతే అది నమ్మకద్రోహపు నేరం కూడా అవుతుంది. 2024 ఏప్రిల్‌లో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట మళ్ళీ చెప్పింది. ఆమె 89 సవరన్ల బంగారం పోగొట్టుకున్న కేసు అది. కష్టకాలంలో భర్త భార్య నగలు వాడుకున్నా, వాటిని గానీ వాటి విలువను గానీ తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత అతనిదేనని చెప్పి, 25 లక్షల రూపాయలు ఇప్పించింది.

ఇక్కడ రుజువు ముఖ్యం. పెళ్ళిలో ఇచ్చిన కానుకల జాబితా రాసి సంతకాలు చేసి ఉంచాలని 1985లోనే కేంద్ర ప్రభుత్వం వరకట్న నిషేధ చట్టం కింద నియమాలు చేసింది. మనలో ఎందరు రాశారు? రాయకపోతే పెళ్ళి ఫొటోలు, వీడియో, నగల అంగడి రసీదులు, తాకట్టు చీటీలు వెతికి పెట్టుకోండి. ఫొటోలో కనబడే వడ్డాణానికి సాక్ష్యం చెప్పే శక్తి ఉంది.

రెండో కుప్ప అతనిది. అతని తాతల నాటి పొలం, అతనికి తండ్రి రాసిచ్చిన ఇల్లు, పెళ్ళికి ముందే కొన్న స్థలం ఇందులో ఉంటాయి. కృష్ణగిరి పక్క మామిడితోట పిత్రార్జితమైతే, విడాకుల్లో ఆ తోటను కోసి భార్యకు ముక్క ఇవ్వమని చట్టం చెప్పదు. కానీ ఆ తోటమీద ఏటా వచ్చే రాబడి అతని ఆదాయంలోకి వస్తుంది. భరణం నిర్ణయించేటప్పుడు కోర్టు దానిని లెక్కలోకి తీసుకుంటుంది. హిందూ వివాహ చట్టం 25వ సెక్షను కింద శాశ్వత భరణం నిర్ణయించేటప్పుడు ఇద్దరి ఆదాయం, ఇద్దరి ఆస్తి, ఇద్దరి నడవడి చూస్తారు. భరణం నెలనెలా ఇప్పించవచ్చు, ఒకేసారి మొత్తంగానూ ఇప్పించవచ్చు. మరో సంగతి, ఈ సెక్షను కింద ఆధారం లేని భర్త కూడా సంపాదించే భార్య నుంచి అడగవచ్చు. అదే విధంగా, ఆమెకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో వచ్చే వాటా ఆమెదే, అది భర్తతో పంచుకునేది కాదు.

మూడో కుప్ప ఇద్దరిదీ. తగాదా ఎక్కువగా ఇక్కడే వస్తుంది. పెళ్ళి సమయంలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువులను ఎలా పంచాలో విడాకుల డిక్రీలోనే చెప్పే అధికారం హిందూ వివాహ చట్టం 27వ సెక్షను కోర్టుకు ఇచ్చింది. ఇద్దరి పేరున కొన్న ఇల్లు, స్థలం విషయంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షను వర్తిస్తుంది. ఎవరు ఎంత పెట్టారో తేలితే ఆ నిష్పత్తిలో, తేలకపోతే సమానంగా అన్నది అందులోని సారం. కనుక స్థలం కొన్నప్పుడు పుట్టింటివారు ఇచ్చిన డబ్బు చెక్కు రూపంలో వచ్చిందా, చేతికి వచ్చిందా అన్నది పదేళ్ళ తర్వాత తేడా తెస్తుంది. ఒక్కరి పేరునే దస్తావేజు ఉంటే మొదట అది వారిదే అనుకుంటారు. కాదనేవారు రుజువు చూపాలి.

మరి ఇంటి పనికి విలువ లేదా? పొద్దున నాలుగింటికి లేచి టిఫిను డబ్బా కట్టి భర్తను సిప్‌కాట్ ఫ్యాక్టరీ మొదటి షిఫ్టుకు పంపిన చేతికి ఆ ఇంట్లో ఇటుకంత హక్కు కూడా లేదా? ఈ ప్రశ్నకు మన రాష్ట్రంలోనే ఒక జవాబు వచ్చింది. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తి కృష్ణన్ రామసామి ఇచ్చిన తీర్పు అది. భర్త 1980లలో సౌదీ అరేబియాకు ఉద్యోగానికి వెళ్ళాడు, భార్య ఇక్కడ పిల్లలను పెంచుతూ, అతను పంపిన డబ్బుతో ఆస్తులు కొన్నది. 1994లో అతను తిరిగివచ్చాక ఆ ఆస్తులన్నీ తన సంపాదనే అని దావా వేశాడు. ఆమె ఇల్లు చూసుకోబట్టే అతను నిశ్చింతగా సంపాదించగలిగాడు, వంటమనిషిగా, వైద్యురాలిగా, లెక్కలు చూసే మనిషిగా ఆమె చేసిన పనికి సెలవు లేదు, కనుక ఆ ఆస్తుల్లో ఆమెకు సమాన హక్కు ఉందని న్యాయమూర్తి తీర్పు చెప్పారు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. అది విడాకుల కేసు కాదు, ఆస్తి దావా. ప్రతి కేసులోనూ అలాగే వస్తుందని చెప్పలేము. కానీ ఇంటి చాకిరీని వాదనలో చెప్పుకోవడానికి, పెద్దమనుషుల ముందు నోరు తెరవడానికి అది గట్టి ఆసరా.

ఇప్పుడు అప్పుల సంగతి. ఆస్తి పంచుకుందామంటే పదిమంది వస్తారు, అప్పు పంచుకుందామంటే ఒక్కరూ ఉండరు. అప్పు విషయంలో రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. ఎవరు సంతకం పెట్టారు? ఎవరి కోసం ఖర్చయింది? బ్యాంకు మొదటి ప్రశ్నే అడుగుతుంది. న్యాయం రెండో ప్రశ్న కూడా అడగాలంటుంది.

భర్త ఒక్కడే సంతకం పెట్టి తెచ్చిన చేబదులుకు, చీటీ పాడుకుని కట్టని వాయిదాలకు భార్య బాధ్యురాలు కాదు. అప్పులవాళ్ళు ఆమె వాకిట నిలబడి అరచినంత మాత్రాన అది ఆమె అప్పు కాదు, దానికోసం ఆమె స్త్రీధనం తాకే హక్కు వారికి లేదు. కానీ ఆమె కూడా సంతకం పెట్టి ఉంటే లెక్క మారిపోతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇద్దరు కలిసి తీసుకున్న అప్పును ఇచ్చినవారు ఇద్దరిలో ఎవరి దగ్గరైనా పూర్తిగా వసూలు చేయవచ్చు. కట్టినవారు రెండో వారి వాటా వారినుంచి రాబట్టుకోవాలి. జామీను సంతకం పెట్టినవారి స్థితీ దాదాపు అంతే. "కేవలం సాక్షి సంతకమే" అని చెప్పి జామీను పెట్టించుకున్న సందర్భాలు మనం వింటూనే ఉన్నాం.

మన జిల్లాలో సంఘం అప్పు ప్రత్యేకమైనది. తమిళనాడులో మహిళా స్వయంసహాయక సంఘాలు 1989లో అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో మొదట మొలకెత్తింది ధర్మపురి జిల్లాలోనే. అప్పటికి హోసూరు, కృష్ణగిరి ఆ జిల్లాలోనివే, మన కృష్ణగిరి జిల్లా ఏర్పడింది 2004లో. ఆ సంఘాల వల్ల ఎందరో ఆడవాళ్ళకు బ్యాంకు గుమ్మం తెలిసింది, మంచిదే. కానీ అప్పు ఆమె పేరున వస్తుంది, డబ్బు చాలాసార్లు ఇంటి అవసరానికో భర్త టెంపోకో పోతుంది. విడిపోయిన నాడు "నీ పేరున ఉంది, నువ్వే కట్టుకో" అంటారు. ఇది న్యాయం కాదు. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో సంఘం తీర్మానాల పుస్తకంలో, బ్యాంకు పాసుబుక్కులో చూసి, ఇంటికి ఖర్చయినదాన్ని ఇద్దరి అప్పుగా రాయాలి.

నేను లెక్కలు చెప్పే మనిషిని కనుక ఒక లెక్క చేసి చూపిస్తాను. ఇది ఊహించిన లెక్క, ఎవరి ఇంటిదీ కాదు. పలకా బలపం తీసుకోండి.

భార్యాభర్తల ఇద్దరి పేరున హోసూరులో ఒక ఇల్లు ఉంది. ఈనాటి ధర 40 లక్షలు. ఇంటిమీద బ్యాంకు అప్పు ఇంకా 16 లక్షలు. ఆమెకు పెళ్ళిలో వచ్చిన నగలు 15 సవరన్లు, అందులో 6 సవరన్లు తాకట్టులో ఉన్నాయి, దానిమీద అప్పు లక్షన్నర, ఆ డబ్బు ఇంటి బోరుకు, ప్రహరీ గోడకు పోయింది. సంఘంలో ఆమె పేరున 50 వేలు, అది పిల్లవాడి బడి ఫీజుకు కట్టారు. భర్త చీటీ బాకీ 90 వేలు, అది స్నేహితుడికి ఇచ్చి పోగొట్టుకున్నాడు.

పంచాయితీలో సాధారణంగా వినిపించే మాట ఇది: "ఇల్లు అతనికి, నగలు ఆమెకు, ఎవరి పేరున అప్పు వారిది. ఇద్దరికీ సమానం, సరిపోయింది." వినడానికి బాగానే ఉంది. కానీ బాగా చూడండి. నగలు మొదటినుంచి ఆమెవే. ఆమె సొత్తునే ఆమెకు తిరిగి ఇచ్చి, దానిని ఇంటిలో వాటాగా లెక్క చూపుతున్నారు. ఒకరి జేబులోని రూపాయి తీసి, దానినే వారికి బహుమతిగా ఇచ్చినట్టుంది ఇది. ఈ ఒక్క పొరపాటు దగ్గరే చాలా పంపకాలు వంకరపోతున్నాయి.

సరైన లెక్క ఇలా ఉంటుంది. నగలు పంపకంలోకి రావు, ఆమెవి కనుక పక్కన పెట్టండి. చీటీ బాకీ పంపకంలోకి రాదు, అది అతనిది. మిగిలింది ఇద్దరిదీ. ఇల్లు 40 లక్షలు. అందులోంచి ఇంటి అప్పు 16 లక్షలు, బోరుకు పోయిన తాకట్టు అప్పు లక్షన్నర, ఫీజుకు పోయిన సంఘం అప్పు అర లక్ష తీసేయండి. మొత్తం 18 లక్షలు పోగా మిగిలేది 22 లక్షలు. చెరి సగం అనుకుంటే ఒక్కొక్కరికి 11 లక్షలు.

ఇప్పుడు ఇల్లు భర్త ఉంచుకుంటాననుకుందాం. ఇంటి అప్పు 16 లక్షలు అతనే కడతాడు. తాకట్టు అప్పు లక్షన్నర కట్టి 6 సవరన్లు విడిపించి ఆమె చేతికి ఇస్తాడు. సంఘం అప్పు అర లక్ష ఆమె పేరున ఉంది కనుక ఆమె కట్టుకుంటుంది. అప్పుడు అతని దగ్గర మిగిలింది 22 లక్షల 50 వేలు. ఆమెకు అర లక్ష భారం. అతను ఆమెకు 11 లక్షల 50 వేలు ఇస్తే ఇద్దరి దగ్గరా 11 లక్షలు నిలుస్తుంది. సరిచూసుకోండి. ముందు చెప్పిన పంచాయితీ లెక్కలో ఇంటి వాటాగా ఆమెకు ఒక్క పైసా లేదు, పైగా సంఘం అప్పూ తాకట్టు అప్పూ ఆమె నెత్తినే. తేడా ఎంతో మీరే చూడండి.

లెక్క తేలగానే పని అయిపోయిందనుకోకండి. ఇంటి అప్పు పత్రంలో ఆమె సంతకం ఇంకా ఉంది. భార్యాభర్తలు ఏం రాసుకున్నా, కోర్టు డిక్రీలో ఏం ఉన్నా, బ్యాంకును అది కట్టిపడేయదు. అతను కంతులు కట్టడం మానేస్తే నోటీసు ఆమెకు కూడా వస్తుంది. కనుక ఇల్లు ఉంచుకునేవారు అప్పును తమ ఒక్కరి పేరుకు మార్పించి, రెండోవారిని బాధ్యత నుంచి తప్పించినట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చిన కాగితం చూపాలి. జీతం చాలక బ్యాంకు ఒప్పుకోకపోతే ఇల్లు అమ్మి, అప్పు తీర్చి, మిగిలింది పంచుకోవడమే మేలు. ఇల్లు పోతుందని బాధే, కానీ విడిపోయిన మనిషి అప్పుకు ఇరవై ఏళ్ళు భయపడుతూ బతకడం అంతకంటే పెద్ద బాధ. అలాగే ఇన్సూరెన్సు పాలసీలోను, ప్రావిడెంట్ ఫండులోను, బ్యాంకు ఖాతాలోను నామినీ పేర్లు ఎవరివి ఉన్నాయో చూసుకోవాలి.

మన ప్రాంతానికి మరో చిక్కు ఉంది. మనది మూడు రాష్ట్రాల ముడి. హోసూరు అబ్బాయికి కుప్పం అమ్మాయి, బాగలూరు అమ్మాయికి మాలూరు అబ్బాయి, ఆనేకల్లులో స్థలం, వేపనపల్లిలో పొలం. తమిళనాడులో పట్టా, చిట్టా అంటారు, కర్ణాటకలో పహాణీ అంటారు, ఆంధ్రలో పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ అంటారు. భూమి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులోనే దస్తావేజు రిజిస్టరు కావాలి. వాటా మాట్లాడుకునే ముందు ప్రతి ఆస్తికీ ఈసీ తీయించండి. మన వైపు దానినే విల్లంగ సర్టిఫికెట్ అంటారు. ఆ ఆస్తిమీద రిజిస్టరైన తాకట్టులు, అమ్మకాలు అందులో కనబడతాయి. ఆనేకల్లు స్థలం ఆరు నెలల కిందటే తమ్ముడి పేరుకు మారిందని కన్నడంలో ఉన్న కాగితం చదివించుకున్నాక గానీ తెలియకపోవచ్చు. మీకు రాని భాషలో ఉన్న కాగితం మీద ఎవరు చెప్పినా సంతకం పెట్టకండి. చదివి చెప్పమని ఏ బడికి వెళ్ళి అడిగినా మా టీచర్లు కాదనరు.

పెద్దమనుషుల పంచాయితీని నేను తీసిపారేయను. నాలుగు మంచి మాటలు చెప్పి గొడవ చల్లార్చేవారు ఊళ్ళో ఉండాలి. కానీ అక్కడ రాసుకున్న కాగితం వల్ల చట్టం ప్రకారం విడాకులు వచ్చినట్టు కాదు. ఆ కులంలో విడాకుల ఆచారం అనాదిగా ఉందని కోర్టులో రుజువు చేయగలిగితేనే దానికి బలం. అలాగే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, నూరు రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి హక్కు చేతులు మారాలంటే పత్రం రిజిస్టరు కావాలి. ఇరవై రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నంత మాత్రాన ఇల్లు మారదు.

గట్టి దారి ఏమిటంటే, ఇద్దరికీ ఇష్టమైతే హిందూ వివాహ చట్టం 13బి సెక్షను కింద పరస్పర అంగీకార విడాకులకు దరఖాస్తు చేయడం. అందుకు ఏడాదిగా విడిగా ఉండి ఉండాలి. దరఖాస్తు వేశాక ఆరు నెలల గడువు ఉంటుంది, తగిన కారణముంటే దానిని తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పంపకం ఒప్పందం మొత్తం, నగల జాబితాతో, అప్పుల జాబితాతో, ఎవరు ఏ తేదీకి ఎంత ఇవ్వాలన్న వివరంతో ఆ దరఖాస్తులోనే రాయించండి. అప్పుడది డిక్రీలో భాగమవుతుంది, మాట తప్పితే అమలు చేయించుకోవచ్చు. వాయిదాల కంటే చివరి విచారణ రోజున చేతికి వచ్చే డిమాండు డ్రాఫ్టు మేలు.

ఒప్పందం కుదరకపోతే కోర్టు ఉంది. భార్య తాను ఇప్పుడుంటున్న చోటి కోర్టులోనే విడాకుల కేసు వేయవచ్చు, 2003 సవరణ ఆ సౌకర్యం ఇచ్చింది. ఆదాయం దాస్తారన్న భయానికి కూడా మందు ఉంది. 2020 నవంబరులో రజనేశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ జీతం, ఆస్తులు, అప్పులు అన్నీ అఫిడవిట్‌లో చెప్పాలని దేశమంతటి కోర్టులకూ నిర్దేశించింది. అందులో అబద్ధం చెబితే దాని ఫలితం వేరే అనుభవించాలి. కేసు నడుస్తుండగా ఆస్తి అమ్మేస్తారని, లాకరు ఖాళీ చేస్తారని భయముండి, ఇంట్లో హింస కూడా ఉంటే, 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద దానిని ఆపమని మేజిస్ట్రేటును అడగవచ్చు. ఆ చట్టం ప్రకారం ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఇంట్లోంచి ఆమెను ఊరికే గెంటేయడానికి వీల్లేదు.

లాయరుకు డబ్బు లేదని వెనుకాడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయసేవా సంస్థకో, తాలూకా న్యాయసేవా సంఘానికో అర్జీ ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ఇంతవరకు నేను చెప్పిన సెక్షన్లు ఎక్కువగా హిందూ కుటుంబాలవి. ముస్లిం సోదరీమణులకు మెహరు, పెళ్ళిలో వచ్చిన సొత్తు తిరిగి పొందే హక్కు 1986 నాటి చట్టంలో ఉంది. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం వర్తిస్తుంది. కానీ మూడు కుప్పల లెక్క, సంతకం చూసుకునే జాగ్రత్త అందరికీ ఒకటే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లల పోషణ ఈ పంపకంలో బేరం కాకూడదు. "ఇల్లు వదులుకో, పిల్లవాణ్ణి నీకిస్తాను" అనే మాట నేను విన్నాను. పిల్లవాడి అన్నం, చదువు పిల్లవాడి హక్కు. తల్లి ఒప్పుకున్నా తండ్రి ఒప్పుకున్నా దానిని వదులుకునే అధికారం వారికి లేదు. ఆస్తి లెక్క ఒక కాగితం మీద, పిల్లల లెక్క మరో కాగితం మీద రాయండి.

ఆ వరండాలో నిలబడిన తల్లి సంగతి అడుగుతారు మీరు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. న్యాయసేవా సంఘం ఇచ్చిన లాయరు ఆ కాగితం విడాకులు కాదని, ఇంటి హక్కు దానివల్ల పోలేదని వాదించారు. రెండేళ్ళు తిరిగింది. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. తాకట్టు నగలు అతనే విడిపించి ఇచ్చాడు, సంఘం అప్పులో సగం కట్టాడు, ఇంటి వాటాకు కొంత డబ్బు ఇచ్చాడు. పూర్తి న్యాయం కాదు. ఒక గొలుసు, రెండు గాజులు లెక్కలోకి రాలేదు. వాటికి ఫొటో లేదు, రసీదు లేదు.

అందుకే నా మనవి. ఈ రాత్రి మీ ఇంట్లో ఒక నోటుబుక్కు తీయండి. కాపురం చల్లగా ఉన్నప్పుడే తీయండి. మొదటి పేజీలో ఆమెది, రెండో పేజీలో అతనిది, మూడో పేజీలో ఇద్దరిదీ, నాలుగో పేజీలో అప్పులు, అవి ఎవరి సంతకంతో తెచ్చారు, దేనికి ఖర్చు పెట్టారు. భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని రాయండి. చదివింపుల పుస్తకం రాస్తే పెళ్ళికి అశుభం కాలేదు కదా. ఈ పుస్తకం రాసినా కాపురానికి అశుభం కాదు. చాలామందికి ఈ పుస్తకం అవసరం రాదు, రాకూడదనే నా కోరిక. అవసరం వచ్చిన ఇంట్లో మాత్రం, ఎవరి గొంతు పెద్దదైతే వారిది గెలుపు కాకుండా ఆ నాలుగు పేజీలే మాట్లాడతాయి.